ఇల్లు కదలని దేశదిమ్మరులు

పోర్చుగల్ ప్రభుత్వం 2022 అక్టోబరులో ఒక కొత్త వీసా తెచ్చింది. దాన్ని డీ8 అంటారు. అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న కంపెనీకి లాప్‌టాప్ మీద పనిచేసుకుంటూ లిస్బన్‌లో కాపురం ఉండాలనుకునే వాళ్ల కోసం తెచ్చిన వీసా అది. షరతులు మామూలువే. బీమా ఉండాలి, పోలీసు సర్టిఫికెట్ ఉండాలి, దిగడానికి ఇల్లు చూసుకోవాలి. వాటి మధ్య ఒక్కటి మాత్రం ఆగి చదవాల్సింది. దరఖాస్తు చేసేవాళ్ల నెల సంపాదన పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలి. 2025లో అక్కడి కనీస వేతనం 870 యూరోలు. వచ్చేవాళ్లకు 3,480 యూరోలు రావాలన్నమాట. మన డబ్బులో నెలకు మూడు లక్షల పైచిలుకు.

లిస్బన్ వీధిలో కనీస వేతనానికి కాఫీ కలిపే మనిషికి ఎంత వస్తుందో, ఆ బల్ల ముందు కూర్చుని కాఫీ తాగే కొత్త పొరుగువాడికి అంతకు నాలుగింతలు రావాలని ప్రభుత్వమే నిబంధనల్లో రాసుకుంది. ఇక ఆ ఊళ్లో అద్దెలు ఎందుకు పెరిగాయో తేల్చడానికి కమిటీలు వేయనక్కర్లేదు.

ఫ్రీలాన్సర్లు, డిజిటల్ నోమాడ్లు ప్రపంచ ఆర్థిక వ్యవస్థ రూపు మార్చేస్తున్నారన్న మాట పదేళ్లుగా వింటున్నాం. మాటలో అబద్ధం లేదు. దాని పక్కన వేసే బొమ్మతోనే పేచీ. సముద్రపు ఒడ్డు, కొబ్బరిచెట్టు, వలతో అల్లిన ఊయల, ఒళ్లో లాప్‌టాప్. (ఎండలో స్క్రీన్ మీద ఒక్క అక్షరం కనపడదని ఆ బొమ్మలు తీసేవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.) నిజానికి ఈ మార్పును మోస్తున్న వాళ్లలో ఎక్కువమంది ఆ బొమ్మలో ఎక్కడా లేరు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో, ఢాకాలో, లాహోర్‌లో, గుంటూరులో తమ ఇంటి ముందుగదిలోనో మేడ మీది గదిలోనో ఉన్నారు. వాళ్లు కదల్లేదు, వాళ్ల పని కదిలింది.

ఇద్దరినీ బతికించేది ఒకటే: ఒక దేశపు డబ్బుకు ఇంకో దేశంలో ఉన్న బరువు. ఒకరు డాలరు జీతం వెంటపెట్టుకుని చవక ఊరికి వెళతారు. ఇంకొకరు చవక ఊళ్లో కూర్చునే డాలరును రప్పించుకుంటారు. ఎవరు ఏ వైపు ఉండాలన్నది తెలివితేటలకన్నా ముందు పాస్‌పోర్టే తేల్చేస్తోంది.

వీసాల సంత

తిరుగుతూ పనిచేయడం కొత్త ఆలోచనేం కాదు. 1983లో స్టీవ్ రాబర్ట్స్ అనే అమెరికన్ ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఇల్లు వదిలేసి, వెనక్కి వాలి కూర్చుని తొక్కే సైకిల్ మీద చిన్న కంప్యూటర్, సోలార్ పలక పెట్టుకుని దేశం మీద పడ్డాడు. దారిలో కనపడిన టెలిఫోన్ బూత్‌కు కంప్యూటర్ తగిలించి పత్రికలకు వ్యాసాలు పంపేవాడు. 1997లో జపాన్ సెమీకండక్టర్ ఇంజినీరు త్సుగియో మకిమొతో, బ్రిటిష్ పాత్రికేయుడు డేవిడ్ మానర్స్ కలిసి 'డిజిటల్ నోమాడ్' పేరుతోనే పుస్తకం రాశారు. అయితే ప్రభుత్వాలు వీళ్లను మనుషుల లెక్కలోకి తీసుకున్నది కోవిడ్ వచ్చాకే.

కారణం దేశభక్తి కాదు, ఖాళీ హోటళ్లు. 2020 జులైలో బార్బడోస్ దీవి ఏడాది పాటు ఉండనిచ్చే 'వెల్‌కమ్ స్టాంప్' ప్రకటించింది. ఏడాదికి 50,000 డాలర్ల సంపాదన చూపించాలి, 2,000 డాలర్ల రుసుము కట్టాలి. ఆ ఆగస్టులో ఎస్తోనియా, 2021 జనవరిలో క్రొయేషియా, 2023లో స్పెయిన్ వరసకట్టాయి. థాయ్‌లాండ్ 2024 జులైలో ఐదేళ్లు చెల్లే వీసా తెచ్చింది. ఒక్కసారి దిగితే 180 రోజులు ఉండొచ్చు, బ్యాంకులో ఐదు లక్షల భాట్లు ఉంటే చాలు. ఇప్పుడు ఇది సంతలా తయారైంది. ఏ దేశం తక్కువ పన్ను, ఎక్కువ ఎండ, మంచి ఇంటర్నెట్ ఇస్తుందో బేరమాడి చూసుకునే వెబ్‌సైట్లు పుట్టాయి. పీటర్ లెవెల్స్ అనే డచ్ కుర్రాడు 2014లో పెట్టిన 'నోమాడ్ లిస్ట్' వాటికి పెద్దన్న.

దేశాల లెక్క తేలికే. మామూలు టూరిస్టు వారం ఉండి వెళ్లిపోతాడు. నోమాడ్ నెలల తరబడి ఉంటాడు, అద్దె కడతాడు, ఆ ఊరివాళ్ల ఉద్యోగానికి పోటీ రాడు, పింఛను అడగడు. అమెరికాలో ఎంబీవో పార్ట్‌నర్స్ సంస్థ ఏటా చేసే సర్వేలో తమను తాము డిజిటల్ నోమాడ్లుగా చెప్పుకున్నవాళ్లు 2019లో 73 లక్షలు, 2024లో 1.81 కోట్లు. వీళ్లలో చాలామంది అమెరికా పొలిమేర దాటకుండానే తిరుగుతారన్న సంగతి కూడా ఆ సర్వేనే చెబుతుంది.

పన్ను దగ్గర ఇంకో మెలిక. చాలా దేశాల్లో ఏడాదికి 183 రోజులు దాటితేనే అక్కడి పన్ను లెక్కలోకి వస్తారు. ఐదు నెలలకో దేశం మారేవాడు ఎవరికీ చిక్కకపోవచ్చు. మన ప్రభుత్వం 2020 ఫైనాన్స్ చట్టంతో దీనికి ఒక ముడి వేసింది. ఏ దేశంలోనూ పన్ను కట్టాల్సిన పనిలేని భారత పౌరుడికి ఇక్కడి నుంచి వచ్చే ఆదాయం 15 లక్షలు దాటితే, అతను ఎక్కడ తిరుగుతున్నా మన దేశంలో ఉన్నట్టే లెక్క.

అద్దె ఎవరు కడతారు?

మెక్సికో సిటీ కథ ఈ వ్యవహారమంతటినీ ఒకచోట చూపిస్తుంది. 2022 అక్టోబరులో నగర ప్రభుత్వం డిజిటల్ నోమాడ్లను రప్పించడానికి ఎయిర్‌బీఎన్‌బీ, యునెస్కోలతో ఒప్పందం చేసుకుంది. అప్పుడు నగర పాలన క్లాడియా షీన్‌బామ్ చేతిలో ఉంది. అమెరికన్లు వచ్చారు. చెట్ల నీడ, పాత మేడలు, నడిచి తిరగగలిగే వీధులు ఉన్న రోమా, కొండెసా పేటల్లో దిగారు. న్యూయార్క్ అద్దెలో సగం కట్టినా అక్కడి యజమానికి పండగే. ఆ పండగలో పాత కిరాయిదారు వీధిన పడ్డాడు. 2025 జులై 4న ఆ రెండు పేటల్లోనే జనం ఊరేగింపు తీశారు. కొందరు దుకాణాల అద్దాలు పగలగొట్టారు. ఊరేగింపులో వినిపించిన విదేశీ ద్వేషాన్ని దేశాధ్యక్షురాలు ఖండించారు. ఆ అధ్యక్షురాలు షీన్‌బామే. అదే నెలలో నగర ప్రభుత్వం అద్దెల నియంత్రణకు ప్రణాళిక ప్రకటించింది.

తప్పంతా లాప్‌టాప్ పట్టుకుని వచ్చినవాడిదేనని నేననను. మెక్సికో సిటీలోగానీ లిస్బన్‌లోగానీ కొత్త ఇళ్లు కట్టకపోవడం, కట్టినవి రోజువారీ అద్దెల్లోకి పోవడం అంతకుముందు నుంచీ నడుస్తున్న కథ. పోర్చుగల్ 2009 నుంచీ విదేశాల నుంచి వచ్చే కొన్ని వృత్తులవాళ్లకు 20 శాతం పన్నుతో సరిపెట్టింది. అదే వీధిలో ఉండే పోర్చుగీసు డాక్టరు అంతకు రెండింతలకు పైగా కట్టే శ్లాబులో ఉండేవాడు. 2024 నుంచి ఆ రాయితీని కొత్తవాళ్లకు చాలావరకు ఎత్తేశారు. జనం కోపం చేరాల్సిన చోటు ఆ పన్ను పట్టిక. కానీ కళ్లెదుట కనపడేది ఇంగ్లిషులో కాఫీ అడిగే మనిషి.

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వీళ్ల పాత స్థావరం. అక్కడ నిమ్మన్ అనే పేట కాఫీ హోటళ్లతో, కో-వర్కింగ్ గదులతో నిండి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబడి ఊరంతా పొగ కమ్ముకుంటుంది. నోమాడ్లు సంచీ సర్దుకుని దక్షిణాది దీవులకో వియత్నాంకో చెక్కేస్తారు. ఊరివాళ్లు ఆ పొగలోనే ఉంటారు.

ఇక పాస్‌పోర్టు సంగతి. జపాన్ 2024 మార్చిలో ఆరు నెలల నోమాడ్ వీసా తెచ్చింది. ఏడాదికి కోటి యెన్ల సంపాదన ఉండాలి. అంత సంపాదించే హైదరాబాద్ ఇంజినీరు దొరకడం కష్టం కాదు. అయినా అతనికి ఆ వీసా రాదు. జపాన్‌తో పన్ను ఒప్పందమూ ఉండాలి, వీసా మినహాయింపూ ఉండాలి. మొదటిది మనకుంది, రెండోది లేదు.

దుబాయ్ 2020 అక్టోబరులో రిమోట్ పనివాళ్ల వీసా మొదలుపెట్టింది. నెలకు 5,000 డాలర్లు సంపాదించేవాడికి స్పాన్సర్ అక్కర్లేదన్నారు. తర్వాత ఆ మొత్తాన్ని 3,500కు తగ్గించారు. అదే ఊరికి జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లే తాపీ మేస్త్రీకి స్పాన్సర్ లేకపోతే వీసా లేదు, యజమానిని కాదని బయటికొస్తే 'ఖల్లివెల్లి', అంటే అనుమతి లేని పనివాడు అన్న పేరే. ఇద్దరూ పరదేశంలో పని చేసుకోవడానికి వచ్చినవాళ్లే.

పది నిమిషాలకో ఫొటో

ఇప్పుడు ఊరు కదలనివాళ్ల దగ్గరికి వద్దాం. ఇద్దరు గ్రీకు స్నేహితులు, ఒడిసియస్ త్సటాలోస్ అమెరికాలో, స్ట్రాటిస్ కరమన్లాకిస్ గ్రీసులో ఉండేవారు. కలిసి పనిచేయాలని ఉంది. కంటికి కనపడనివాడు గంటలు నిజంగా పనిచేశాడో లేదో అమెరికా కంపెనీ ఎలా నమ్ముతుంది? ఆ చిక్కుకు విరుగుడుగా 2003లో ఓడెస్క్ అనే ఆన్‌లైన్ పనుల సంత పుట్టింది. అంతకుముందు 1999లోనే మొదలైన ఈలాన్స్‌తో కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అయింది. వాళ్లు కనిపెట్టిన విరుగుడు ఇప్పటికీ నడుస్తోంది. గంటల లెక్కన పనిచేసేవాళ్ల స్క్రీన్‌ను ఆ సాఫ్ట్‌వేర్ గంటకు ఆరుసార్లు, ఎప్పుడో తెలియకుండా ఫొటో తీసి క్లయింటుకు చూపిస్తుంది. నా మట్టుకు నాకు ప్రపంచీకరణ చరిత్రలో ఓడరేవు కంటైనర్ పక్కన నిలబెట్టదగిన వస్తువు ఈ స్క్రీన్‌షాట్. మనిషిని నమ్మాల్సిన పని లేకుండా అతని పనిని కొనుక్కునే వీలు కల్పించింది అదే.

ఈ సంతలో ఎంతమంది ఉన్నారు? ప్రపంచ బ్యాంకు 2023 నివేదిక వేసిన అంచనా 15.4 కోట్ల నుంచి 43.5 కోట్ల మధ్య. ఆ రెండు అంకెల మధ్య దూరం చూస్తేనే తెలుస్తుంది, వీళ్లు ఏ ప్రభుత్వ పట్టికలోనూ సరిగా లేరని. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఏళ్లుగా కడుతున్న ఆన్‌లైన్ కార్మిక సూచీలో పని కొనేవాళ్లలో అమెరికా మొదటిది, పని చేసిపెట్టేవాళ్లలో భారత్ మొదటిది. మన వెనక బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ ఉంటాయి. అమెరికాలోనూ ఇది చిన్న సంగతి కాదు. అప్‌వర్క్ 2023 సర్వే ప్రకారం ఆ ఏడాది ఏదో ఒక రూపంలో ఫ్రీలాన్సింగ్ చేసిన అమెరికన్లు 6.4 కోట్లు, వాళ్ల సంపాదన 1.27 లక్షల కోట్ల డాలర్లు. (సర్వే చేసింది ఆ సరుకు అమ్ముకునే సంస్థేనని గుర్తుపెట్టుకుని చదవాలి.)

మధ్యలో ఉన్నవాడి వాటా ఊరికే పోదు. ఫైవర్ అనే ప్లాట్‌ఫామ్ వందకు ఇరవై తీసుకుంటుంది. అప్‌వర్క్ కొన్నాళ్లు ఇరవై, పది, ఐదు అంటూ మెట్లు పెట్టింది. 2023లో అందరికీ పది అంది. 2025లో సున్నా నుంచి పదిహేను దాకా ఎంతైనా కావచ్చంది. అక్కడ పని కోసం బిడ్ వేయాలన్నా 'కనెక్ట్స్' అనే టోకెన్లు కొనుక్కోవాలి. ఆపైన డాలరును రూపాయిగా మార్చేవాళ్ల కోత. క్లయింటు వంద ఇస్తే చేతికి ఎనభై అయిదు వస్తే సంతోషించే రోజులు చాలానే ఉంటాయి.

మన దగ్గర ఈ కథకు మొదటి అధ్యాయం మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. తొంభైల చివర, రెండువేల తొలినాళ్లలో హైదరాబాద్‌లో వీధికో శిక్షణ కేంద్రం వెలిసింది. అమెరికా డాక్టరు పగలంతా మైకులో చెప్పిన రోగి వివరాలు రాత్రికి ఇక్కడికి చేరేవి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలికింద పెడల్ నొక్కుతూ టైపు చేసేవాళ్లు. బీఎస్సీ చదివి పెళ్లయ్యాక ఇంట్లోనే ఉండిపోయిన ఆడవాళ్లకు అది సొంత సంపాదన తెచ్చిపెట్టింది. లైను లెక్కన కూలి. తర్వాత మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది, టైపు చేసినవాళ్లు దాని తప్పులు దిద్దేవాళ్లయ్యారు, కూలి తగ్గింది. ఇవాళ కృత్రిమ మేధ గురించి బెంగపడుతున్న వాళ్లు ముందు ఆ ట్రాన్స్‌క్రిప్షన్ అక్కలను కదిలించి చూస్తే మంచిది.

ఇప్పటి ఫ్రీలాన్సర్లు చేయని పని లేదు. వెబ్‌సైట్లు, యాప్ డిజైన్లు, యూట్యూబ్ వీడియోల ఎడిటింగ్, థంబ్‌నెయిల్స్, సబ్‌టైటిల్స్, ఏఐకి పాఠం చెప్పే డేటా లేబులింగ్. నెలకు లక్షన్నర తెచ్చుకునే కుర్రాడికి పెళ్లిచూపుల్లో మాత్రం కష్టకాలమే. "అబ్బాయి ఏ కంపెనీ అండీ?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "చాలా కంపెనీలండీ" అంటే పిల్ల తండ్రి ముఖం మాడుతుంది. బ్యాంకు మేనేజరుదీ అదే ప్రశ్న. జీతం స్లిప్పు ఉంటే ముప్పైవేల ఉద్యోగికి ఇంటి అప్పు దొరుకుతుంది, అది లేకపోతే మూడేళ్ల ఐటీ రిటర్నులు పట్టుకుని తిరగాలి.

ఎవరూ గట్టిగా మాట్లాడని శాఖ ఒకటుంది. జాబ్ సపోర్ట్. అమెరికాలో తెలుగు ఇంజినీరుకు ఉద్యోగం వచ్చింది, ప్రాజెక్టు పని పూర్తిగా రాదు. హైదరాబాద్‌లో అనుభవం ఉన్న ఇంకో తెలుగు ఇంజినీరు రాత్రి మేలుకుని, స్క్రీన్ పంచుకుని, ఆ పని చేయిస్తాడు లేదా తనే చేసేస్తాడు. నెలకింత అని మాట్లాడుకుంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలుంటాయి. కంపెనీ నియమాల ప్రకారం తప్పు, క్లయింటు డేటా బయటికి పోవడం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆర్థికశాస్త్రం కళ్లతో చూస్తే విషయం వేరు. అమెరికా జీతంలోంచి ఒక ముక్క ఏ వీసా లేకుండా, ఏ ప్లాట్‌ఫామ్ కమీషన్ లేకుండా కూకట్‌పల్లికి చేరిపోతోంది. ఈ డబ్బు ఏ ప్లాట్‌ఫామ్ లెక్కలోనూ కనపడదు.

ఆ ఒడ్డునా ఒక తెలుగు కథ ఉంది. భర్త హెచ్-1బి మీద వెళితే వెంట వెళ్లిన భార్య, ఇక్కడ ఎంత చదివినా, అక్కడ పైసా సంపాదించడానికి వీల్లేకుండా ఏళ్లు గడిపింది. గ్రీన్ కార్డు వరసలో ఉన్నవాళ్ల భార్యలకు, భర్తలకు పని అనుమతి ఇస్తూ 2015 మే నెలలో నియమం మారింది. దాంతో వాళ్లు ఉద్యోగమైనా చేయొచ్చు, సొంతంగా క్లయింట్లనైనా పట్టుకోవచ్చు. భర్త మాత్రం తన స్పాన్సర్ కంపెనీ పని తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, మనిషిని అక్కడికి తెచ్చుకోవడమా, పనినే ఇక్కడికి పంపడమా అని కంపెనీలు లెక్క వేసుకోక తప్పదు.

ఉద్యోగి ఎవరు?

పెద్ద కంపెనీలకు ఈ ఏర్పాటు ఎంత రుచించిందో గూగుల్‌ను చూస్తే తెలుస్తుంది. 2019 మార్చిలో ఆ సంస్థకు సొంత ఉద్యోగులు లక్షా రెండు వేలు, కాంట్రాక్టు, తాత్కాలిక సిబ్బంది లక్షా ఇరవై ఒక్క వేలు అని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అంతకు చాలాముందే మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి ఫ్రీలాన్సర్ల పేరుతో పనిచేయించుకున్నవాళ్లు కోర్టుకెక్కితే 2000 చివర్లో 9.7 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

చట్టం వేలుపెడితే బాగుపడుతుందా? కాలిఫోర్నియా అనుభవం చేదుగా ఉంది. టాక్సీ యాప్‌ల డ్రైవర్లకు న్యాయం చేయాలని 2019లో ఏబీ5 చట్టం చేశారు. అందులో ఫ్రీలాన్స్ రచయిత ఒక పత్రికకు ఏడాదికి 35 వ్యాసాలకు మించి రాస్తే అతను ఉద్యోగి కిందే లెక్క అన్నారు. వాక్స్ మీడియా తన క్రీడా వెబ్‌సైట్లకు రాసే సుమారు రెండు వందల మందిని వదిలించుకుంది. మరుసటి ఏడాదే ఆ 35 హద్దు తీసేయాల్సి వచ్చింది. అడిగింది రక్షణ, దక్కింది ఖాళీ చేతులు.

న్యూయార్క్ నగరం ఇంకో దారి పట్టింది. నువ్వు ఉద్యోగివా కాదా అన్న వాదం జోలికే పోలేదు. 800 డాలర్లు దాటిన పనికి రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి, గడువు రాసుకోకపోతే పని ముగిసిన ముప్పై రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఇవ్వకపోతే జరిమానా. 2017 మేలో అమల్లోకి వచ్చిన ఈ చట్టాన్ని 2024 ఆగస్టులో రాష్ట్రమంతటికీ విస్తరించారు. ఫ్రీలాన్సర్లు ఎక్కడివాళ్లయినా మొదట అడిగేది ఇదే: చేసిన పనికి డబ్బులు సమయానికి పడాలి.

ఇప్పుడు పని దొరకడమే ప్రశ్న అవుతోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది నెలలకే అప్‌వర్క్‌లో రాసే పనులు చేసేవాళ్లకు కాంట్రాక్టులు సుమారు 2 శాతం, సంపాదన 5 శాతం తగ్గాయని షియాంగ్ హుయ్, ఓరెన్ రెషెఫ్, లువోఫెంగ్ జౌ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చారు. అంకెలు చిన్నవిగానే ఉన్నాయి. కలవరపెట్టేది ఇంకోటి: మంచి పేరు, మంచి రేటింగు ఉన్నవాళ్లకు కూడా ఆ దెబ్బ తప్పలేదు. ఇన్నాళ్లూ ఈ సంతలో పైకి రావడానికి ఉన్న నిచ్చెన ఆ నక్షత్రాలే.

మన చట్టం ఏమంటోంది? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్‌ను మొదటిసారి గుర్తించింది. దాన్ని రాసినప్పుడు అందరి కళ్లముందూ ఉన్నది బైకు మీద భోజనం తెచ్చే కుర్రాడు. మేడ మీది గదిలో కూర్చుని కెనడా క్లయింటుకు లోగో గీసే అమ్మాయి కాదు. ఆమెకు ఉపయోగపడే నియమాలు వేరేచోట్ల చెల్లాచెదరుగా ఉన్నాయి. కొన్ని వృత్తులకు ఆదాయపన్నులో 44ఏడీఏ పేరుతో పిలిచే సదుపాయం కింద, వచ్చిన డబ్బులో సగాన్నే ఆదాయంగా చూపించి పన్ను కట్టొచ్చు. దాదాపు అంతా బ్యాంకు ద్వారానే వస్తే 75 లక్షల దాకా ఇది వర్తిస్తుంది. విదేశీ క్లయింటుకు చేసిన పని ఎగుమతి కిందికి వస్తుంది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఎల్‌యూటీ అనే హామీపత్రం పెడితే పన్ను కట్టనక్కర్లేదు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యం పోర్టల్లో ఉచితంగా నమోదు చేసుకుంటే, మన దేశపు క్లయింటు 45 రోజులు దాటి డబ్బు ఆపినప్పుడు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఇస్తుంది. ఈ మూడూ తెలిసిన ఫ్రీలాన్సర్ నాకు అరుదుగా తగులుతారు.

విదేశీ క్లయింటు ఎగ్గొడితే ఈ చట్టాలేవీ పనికిరావు. ప్లాట్‌ఫామ్‌లో ఫిర్యాదు పెట్టుకోవాలి, అంతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఆరంభంలో ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పెంచుతామని, ఊళ్లలో కో-వర్కింగ్ కేంద్రాలు వచ్చేలా చూస్తామని చెప్పింది. ఆ కేంద్రాల్లో ఏసీ, ఇంటర్నెట్, కుర్చీలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ఒప్పందంలోని షరతులు చదివి చెప్పే లాయరు, ఇన్వాయిస్ రాయడం, ఎల్‌యూటీ పెట్టడం నేర్పే ఆడిటరు వారానికి ఒక పూట వచ్చి కూర్చునే ఏర్పాటు చేయాలి. దానికయ్యే ఖర్చు కుర్చీల ఖర్చులో పదోవంతు కూడా ఉండదు.